పేర్లు పడేదాకా ఆగుదాం

పోయిన శుక్రవారం మా క్యాంపులో జరిగిన చిన్న సంగతితో మొదలుపెడతాం. మా క్యాంపు బర్కా దగ్గర. మధ్యాహ్నం కోడికూర వండుకుని తిన్నాక ఎనిమిది మందిమి టీవీ ముందు చేరి ‘కేరాఫ్ కంచరపాలెం’ పెట్టుకున్నాం. కొందరికి రెండోసారి, ఇద్దరికి మొదటిసారి. సినిమా అయిపోయి తెర మీద పేర్లు పైకి పాకడం మొదలవగానే అలవాటు ప్రకారం ఒకరు రిమోట్ అందుకున్నారు. అంతే, మా షట్టరింగ్ కార్పెంటర్ కేకేశాడు. “ఆపకండ్రా బాబూ, పేర్లు పడనీండి. మా పేటోళ్ల సినిమారా ఇది!” ఆయనది విశాఖపట్నం. కంచరపాలెం రైలు గేటు అవతల నుంచి వచ్చిన మనిషి.

టీవీకి దగ్గరగా జరిగి, వేలు పెట్టి ఒక్కో పేరూ చదివాడు. తెలిసిన ఇంటిపేరు కనిపించినప్పుడల్లా వెనక్కి తిరిగి మా మొహాలు చూశాడు. మేం నవ్వాం గానీ ఆ తర్వాత కాస్త సిగ్గుపడ్డాం కూడా. పన్నెండేళ్లుగా ఈ దేశంలో సైట్ల మీద తిరుగుతున్నాం, వందల సినిమాలు చూశాం. ఒక్క సినిమాకైనా చివర పడే పేర్లు చదివిన పాపాన పోలేదు. హీరో ఎవరు, హీరోయిన్ ఎవరు, ఎన్ని కోట్లు వసూలు చేసింది, అంతే మన లెక్క.

అందుకే ఈ వారం ఆ పేర్ల గురించే నాలుగు మాటలు రాద్దామనుకున్నాం.

‘కేరాఫ్ కంచరపాలెం’ 2018 సెప్టెంబరు 7న విడుదలైంది. రాసి తీసింది వెంకటేష్ మహా, ఆయనకదే మొదటి సినిమా. కంచరపాలెం పేటలోనే, ఆ ఇళ్ల మధ్యే, ఆ వీధుల్లోనే తీశారు. ఎనభై మందికి పైగా కొత్తవాళ్లు నటించారు, అందులో ఎక్కువమంది ఆ పేట జనమే. కెమెరా ముందు ఎప్పుడూ నిలబడని మనుషులు. వాళ్ల యాస వాళ్లదే, వాళ్ల నడక వాళ్లదే. కథ కూడా పెద్ద మేడల కథ కాదు. నలభై తొమ్మిదేళ్లు వచ్చినా పెళ్లికాని అటెండరు రాజు, ఒడిశా నుంచి అదే ఆఫీసుకి అధికారిగా వచ్చిన రాధ, మందు షాపులో పనిచేసే గడ్డం, అతను మనసుపడ్డ సలీమా, కుర్రాడు జోసెఫ్, అతని భార్గవి, బడిపిల్లలు సుందరం, సునీత. నాలుగు వయసుల్లో నాలుగు ప్రేమలు. చివర్లో ఈ నాలుగింటినీ కలిపే ముడి ఒకటి ఉంది. చూడనివాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి అది మేం విప్పం.

రాజుగా చేసినది సుబ్బారావు, రాధగా రాధా బెస్సీ. గడ్డంగా మోహన్ భగత్, జోసెఫ్‌గా కార్తీక్ రత్నం, భార్గవిగా ప్రణీత పట్నాయక్, పిల్లలుగా కేశవ కర్రి, నిత్యశ్రీ గోరు. సంగీతం స్వీకార్ అగస్తి. కెమెరా ఆదిత్య జవ్వాది, వరుణ్ చాఫేకర్. కూర్పు రవితేజ గిరిజాల. ఇక సలీమాగా చేసిన పరుచూరి ప్రవీణ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆవిడ అమెరికాలో గుండె డాక్టరు. ఈ సినిమాకి డబ్బు పెట్టిన నిర్మాత కూడా ఆవిడే. ప్రవాసంలో సంపాదించిన డబ్బు పట్టుకెళ్లి, పెద్ద హీరో డేట్ల కోసం తిరగకుండా, విశాఖలో ఒక కార్మికుల పేట మీద పెట్టారు. మనవాళ్లం ఊళ్లో ప్లాట్ కొంటాం, ఇంకా మిగిలితే ఇంకో ప్లాట్ కొంటాం. తప్పని మేం అనం, మేమూ కొన్నాం. అయినా ఈ ఒక్క విషయం తెలిసి మా గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదన్న మాట నిజం.

సినిమా తయారైతే సరిపోదు. థియేటర్ దొరకాలి. అప్పుడు రానా దగ్గుబాటి చూసి, నచ్చి, తన పేరుతో సమర్పించడం, సురేష్ ప్రొడక్షన్స్ విడుదల చేయడం వల్ల ఆ సినిమా జనంలోకి వెళ్లింది. 2018లోనే న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో కూడా ప్రదర్శించారు. 2021లో తమిళంలో ‘కేరాఫ్ కాదల్’గా మళ్లీ తీశారు. ఇదంతా గొప్పే. కానీ ఇక్కడ ఒక ప్రశ్న అడగక తప్పదు. పెద్దవాడి చేయి పడని చిన్న సినిమాల గతేమిటి? డబ్బాల్లోనే ఉండిపోయినవి ఎన్నో! వాటిలో పనిచేసిన వాళ్ల పేర్లు మనం చదవకపోవడం కాదు, చదవడానికి పడనే లేదు.

సైట్ మీద పనిచేసేవాళ్లకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. ఏ సైట్ గేటు దగ్గరైనా ఒక పెద్ద బోర్డు ఉంటుంది. యజమాని పేరు, కన్సల్టెంట్ పేరు, కాంట్రాక్టర్ పేరు. అంతటితో బోర్డు అయిపోతుంది. కమ్మీలు కట్టిన పాలమూరు మనిషి, షట్టరింగ్ కొట్టిన శ్రీకాకుళం మనిషి, టైల్స్ వేసిన కోనసీమ మనిషి, వీళ్లెవరూ అందులో ఉండరు. ఎండాకాలంలో ఇక్కడ కాంక్రీటు పోత రాత్రిళ్లే. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు బయట పని చేయించకూడదని ఈ దేశంలో నిబంధన ఉంది, అది మంచి నిబంధన. తెల్లవారేదాకా పోత పోసి, తడిపి, గోనెపట్టాలు కప్పి, రోజులు లెక్కపెట్టి జాకీలు విప్పుతాం. ప్లైవుడ్ ఊడిపోయాక ఆ స్లాబు చూసినవాడికి మేం కనపడం.

ఒకసారి మేం కట్టిన భవనం ప్రారంభానికి చూడ్డానికి వెళ్లాం. ఇస్త్రీ బట్టలు వేసుకుని మరీ వెళ్లాం. గేటు దగ్గర ఆపేశారు. మూడు నెలల క్రితం దాకా ఆ గేటు తాళంచెవి మా జేబులోనే ఉండేది. ఏ కంపెనీయో, ఏ భవనమో ఇక్కడ అనవసరం. వెనక్కి వచ్చి టీ తాగి పడుకున్నాం.

సినిమా ఆ ఒక్క విషయంలో మన పనికంటే మేలు. చివర్లోనైనా, చిన్న అక్షరాల్లోనైనా, లైట్లు మోసినవాడి పేరు, భోజనాలు వండినవాడి పేరు వేస్తారు. ఆ కాసేపు కూడా మనం ఆగకపోతే, గేటు దగ్గర మమ్మల్ని ఆపినవాడికీ మనకీ తేడా ఏముంది?

అలాగని సినిమావాళ్ల బతుకులు పూలపాన్పులు అనుకోవద్దు. 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు 30 శాతం కూలి పెంచమని పని ఆపేశారు. పద్దెనిమిది రోజులు షూటింగులు ఆగాయి. చివరికి ప్రభుత్వం కలగజేసుకున్నాక రోజుకి రెండు వేల రూపాయల లోపు వచ్చేవాళ్లకి మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం పెంచడానికి ఒప్పందం కుదిరింది. రోజుకూలి, ఓవర్‌టైము, పని దొరికిన రోజే డబ్బు. ఈ లెక్కలు చదువుతుంటే మా టైమ్‌షీట్ చదివినట్టే ఉంది. వాళ్లకి సంఘం ఉంది, మాకు లేదు. అంతే తేడా.

ఇక్కడ మా అభిప్రాయం ఒకటి మొహమాటం లేకుండా చెబుతాం. ‘చిన్న సినిమా కదా, అందరూ ప్రేమతో చేశారు, డబ్బు ఆశించలేదు’ అని పొగిడే మాట మాకు నచ్చదు. ప్రేమతో చేసినవాడికి కూడా నెలాఖరున అద్దె కట్టాలి. సబ్‌కాంట్రాక్టర్లు ఇదే మాట మాతో అంటారు, ‘మనవాడివి కదా, వచ్చే సైట్‌లో చూసుకుందాం’ అని. వచ్చే సైట్ రాదు. తీసేవాడి దగ్గర డబ్బు తక్కువైతే తక్కువే ఇవ్వనీ, ముందే చెప్పి ఇవ్వనీ, కాగితం మీద రాసి ఇవ్వనీ. పొగడ్త కూలికి బదులు కాకూడదు.

‘బలగం’ అందరికీ గుర్తుంది. 2023 మార్చిలో వచ్చింది. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లయితే ఆ సినిమా చూస్తూ ఫోన్ పట్టుకుని ఇంటికి వీడియో కాల్ చేసి ఏడ్చినవాళ్లే. అది పెద్ద సంస్థ సినిమాయే అయినా మనుషులు మాత్రం మన ఊరివాళ్లే. తీసిన యెల్దండి వేణు సిరిసిల్ల ప్రాంతం మనిషి. కొమురయ్యగా వేసిన కేతిరి సుధాకర్ రెడ్డి రంగస్థలం మీద నుంచి వచ్చినవారు. పల్లెపల్లెనా చావడి దగ్గర తెర కట్టి ఊరంతా కలిసి చూశారు. అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకున్నారని పేపర్లలో కూడా వచ్చింది. చివరి ఘట్టంలో పాడి అందర్నీ ఏడిపించినది బుర్రకథ చెప్పుకుని బతికే దంపతులు, మొగిలయ్య, కొమురమ్మ. ఆ మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతో బాధపడుతూ 2024 డిసెంబరులో చనిపోయారు. 71వ జాతీయ సినిమా అవార్డుల్లో అదే సినిమాలోని పాటకి కాసర్ల శ్యామ్‌కి ఉత్తమ గీత రచయిత అవార్డు ప్రకటించింది 2025లో. ఆ వార్త వినడానికి మొగిలయ్య లేరు. ఆయన డయాలసిస్ చేయించుకుంటున్న రోజుల్లో ఆయన పాట మన ఫోన్లలో స్టేటస్‌గా తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు మన సొంత తప్పు దగ్గరికి వద్దాం. మన మీద ఎవరూ సినిమా తీయరని, మన కష్టం ఎవరికీ పట్టదని క్యాంపుల్లో రోజూ అంటూనే ఉంటాం. తీశారు. 2017 అక్టోబరులో పి. సునీల్ కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ అనే పేరుతోనే తీశారు. అంతకుముందు ‘సొంతవూరు’, ‘గంగపుత్రులు’ తీసిన దర్శకుడాయన. చేతన్ మద్దినేని కథానాయకుడు, డింపుల్ హయాతికి అదే మొదటి సినిమా. పెద్ద స్టార్లు లేరు. ఏజెంట్ల మోసాలు, అప్పులు, ఇక్కడికొచ్చాక చిక్కులు, మన బతుకే కథ. సినిమాగా అది ఎంత బాగుంది అనేదాని మీద మా గదిలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. పాటలు ఎక్కువయ్యాయని కొందరం, ఆ మాత్రం లేకపోతే ఎవరు చూస్తారని కొందరం. కానీ చూసిన పద్ధతి ఏమిటి? నిజం చెప్పాలంటే, మేం చూసింది దొంగ కాపీ. థియేటర్‌లో ఎవడో ఫోన్‌తో తీసింది. మధ్యలో ఒకడు లేచి బయటికి వెళ్తాడు, వాడి తల నీడ తెర మీద పడుతుంది. పెన్‌డ్రైవ్‌లో గది నుంచి గదికి తిరిగింది. మా గది నుంచి పక్క గదికి ఇచ్చింది మేమే.

మన మీద, మన పేరుతో తీసిన సినిమాకి మన నుంచి ఒక్క బైసా వెళ్లలేదు. పెద్ద హీరో సినిమా దొంగ కాపీ వస్తే వాళ్లకి నష్టమే గానీ తట్టుకుంటారు. చిన్న సినిమాకి అది చావుదెబ్బ. తర్వాత అలాంటి కథ పట్టుకుని నిర్మాత దగ్గరికి వెళ్లినవాడికి ‘ఆ గల్ఫ్ కథలు ఆడవయ్యా’ అనే జవాబు దొరికి ఉంటే, అందులో మన చేయి కూడా ఉందన్నమాట. మన దేశంలో 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. దొంగ కాపీ తీస్తే కనీసం మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షలకు తగ్గకుండా జరిమానా. చట్టం భయం సరే, అది ఎలాగూ ఉంటుంది. మన టైమ్‌షీట్‌లో రెండు గంటల ఓవర్‌టైము కొట్టేస్తే మనం ఎంత గొడవ చేస్తామో అందరికీ తెలుసు. ఇదీ అలాంటి కోతే, ఇంకొకడి టైమ్‌షీట్‌లో.

పక్క గదిలో ఉండే మలయాళీలని చూడండి. 2015లో మమ్ముట్టితో ‘పత్తేమారి’ తీసుకున్నారు, పడవల్లో గల్ఫ్‌కి వచ్చిన మొదటి తరం కథ. బెన్యామిన్ రాసిన ‘ఆడుజీవితం’ నవల 2008లో వస్తే, బ్లెస్సీ దాని మీద ఏళ్ల తరబడి కూర్చుని 2024 మార్చిలో సినిమాగా విడుదల చేశారు. అది చిన్న సినిమా కాదు. అయినా మనకి ఒమన్‌లో ఉన్నవాళ్లకి అందులో ఒక పేరు ముఖ్యం. యజమాని పాత్ర వేసిన తాలిబ్ అల్ బలూషీ ఈ దేశపు నటుడే. తన దేశంవాళ్లు ఏమనుకుంటారో అని వెనక్కి తగ్గకుండా కఠినమైన పాత్ర వేసి మెప్పించారు. ఒమన్‌కి కూడా సినిమా కొత్తదే మరి. ఖాలిద్ అల్ జద్జాలీ తీసిన ‘అల్ బూమ్’ ఈ దేశపు మొదటి పూర్తి నిడివి కథాచిత్రం, 2006లో. మన భాషలో 1932లోనే ‘భక్త ప్రహ్లాద’ మాట్లాడింది. తొంభై ఏళ్లు దాటిన సినిమా మనది. అందులో మస్కట్ ఎయిర్‌పోర్టులో అట్టపెట్టెకి తాడు కట్టుకుని నిలబడ్డ మనిషికి ఎన్ని రీళ్లు దక్కాయో లెక్కపెట్టండి.

ఏం చేద్దామంటారు? పెద్ద పెద్ద మాటలు మాకు రావు. మేం డిప్లొమా చదివి సైట్ మీద పడ్డవాళ్లం, అందరికీ అందే పనే చెబుతాం.

ఉగాదికో, సంక్రాంతికో ప్రవాస సంఘాలు హైదరాబాద్ నుంచి తారల్ని పిలిపిస్తాయి. విమానం టిక్కెట్లు, హోటలు, శాలువా, ఫొటో. లేబర్ క్యాంపు వాళ్లం వెనక వరుసలో నిలబడి ఫోన్‌లో వీడియో తీసుకుంటాం. దాని మీద మాకు కోపం లేదు, పండగ అన్నాక సందడి ఉండాలి. కానీ అదే ఖర్చులో కొంత పెట్టి ఏడాదికి ఒక్క చిన్న సినిమానైనా హాల్లో ఆడించలేమా? తీసినవాళ్లని అడిగి, ప్రదర్శన హక్కుకి వాళ్లు చెప్పిన డబ్బు కట్టి, మనిషికి రెండు రియాళ్ల టిక్కెట్టు పెడితే నూట యాభై మందికి మూడు వందల రియాళ్లు. క్యాంపుల నుంచి బస్సు మాట్లాడటమే అసలు కష్టం, అది మాకు తెలుసు. బర్కా నుంచో సోహార్ నుంచో వచ్చి శుక్రవారం రాత్రికి వెనక్కి చేరాలి, శనివారం తెల్లవారి నాలుగింటికి లేవాలి. అందుకని మధ్యాహ్నం ఆట పెట్టండి. ఇక్కడ అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం, జనాన్ని పోగుచేయడానికీ నిబంధనలున్నాయి. కాబట్టి ఎవరికి వాళ్లు గదుల్లో వసూళ్లు మొదలెట్టొద్దు. మస్కట్‌లో ఇండియన్ సోషల్ క్లబ్ ఉంది, అందులో మన తెలుగువాళ్లున్నారు. వాళ్ల ద్వారానో, సినిమా హాలు వాళ్ల ద్వారానో పద్ధతిగా చేయాలి. పిలవాల్సి వస్తే దర్శకుడితోపాటు ఒక లైట్‌మన్‌నో, మేకప్ మనిషినో, సుబ్బారావు గారిలాంటి నటుడినో పిలవండి. ముందు వరుసలో ఎవరు కూర్చుంటారు అనే గొడవ కూడా ఉండదు.

ఇంకో పని ఇంకా తేలిక. ఫోన్‌లో డేటాకి నెలకి రియాళ్లు పోస్తున్నాం. నలుగురం కలిసి ఒక ఓటీటీ చందా కట్టుకోవడం భారం కాదు, మా గదిలో మొదలుపెట్టాం. పెన్‌డ్రైవ్ తీసి పెట్టెలో పడేశాం. ఊరికే మంచి బాలురం అయిపోయామని కాదు, ఇంకా తెలుగు డబ్బింగ్ సినిమాలు దొంగచాటుగా చూసేవాడు ఒకడు ఉన్నాడు, పేరు చెప్పం. మెల్లగా మారతాడు.

మా క్యాంపులో కథలకేమీ కొదవలేదు. రాత్రిపూట ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. పెళ్లైన ఇరవై రోజులకే విమానం ఎక్కినవాడు, కూతురి పుట్టువెంట్రుకలు వీడియోలో చూసినవాడు, అప్పు తీరిపోయాక కూడా వెనక్కి వెళ్లడానికి భయపడేవాడు. కంచరపాలెంలో పేట జనం తమ వేషం తామే వేసుకోగలిగినప్పుడు, మన వేషం వేయడానికి మనకంటే ఎవరు కావాలి? కెమెరా పట్టుకునే కుర్రాడు ఎవరైనా మా క్యాంపు తలుపు తడితే, షూటింగుకి కంపెనీ ఒప్పుకుంటుందని మేం హామీ ఇవ్వలేం గానీ, కథకీ భోజనానికీ మాత్రం లోటుండదు. కూలి మాత్రం ముందే మాట్లాడుకోవాలి.

వచ్చే శుక్రవారం ‘మల్లేశం’ చూద్దామనుకున్నాం. ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథ, రాజ్ రాచకొండ తీసినది, 2019 నాటిది. మాటలు పెద్దింటి అశోక్ కుమార్ రాశారు. మా గదిలో ఇద్దరిది చేనేత ఇల్లు. వాళ్లమ్మలు రోజుకి వేలసార్లు చేయి ఊపి ఆసు పోసినవాళ్లే, భుజాలు పోయినవాళ్లే. మా షట్టరింగ్ కార్పెంటర్ ఇప్పటికే చెప్పేశాడు, రిమోట్ ఈసారి మొదటి నుంచీ తన దగ్గరే ఉంటుందట.